చిన్న ఊళ్లకు ట్రిప్ వెళ్తున్నారా? రెండు రాత్రులు ఉండేలా ప్లాన్ చేసుకోండి

ట్రిప్‌లో ఒక పెద్ద నగరం నుంచి ఇంకో నగరానికి వెళ్లే దారిలో చిన్న ఊళ్లు బోలెడు వస్తాయి. బస్సు పది నిమిషాలు ఆగుతుంది. దిగి కాళ్లు సాగదీసుకుంటాం, ఒక ఫోటో తీసుకుంటాం, మళ్లీ ఎక్కి కూర్చుంటాం. తర్వాత ఎప్పుడో ఎవరో ఆ ఊరి పేరెత్తి, "అక్కడి మనుషులు మమ్మల్ని ఎంత బాగా చూసుకున్నారో" అంటే, మనం వెళ్లిన ఊరూ అదేనా అని అనుమానం వస్తుంది.

అదే ఊరు. వాళ్లు ఆగారు, మనం ఆగలేదు.

నేను కొన్నేళ్లుగా పనిగట్టుకుని మరీ చిన్న ఊళ్లకు వెళ్తున్నాను. మనుషులు కలుపుగోలుగా ఉండే ఊరు ఎక్కడ దొరుకుతుందా అని మొదట్లో తెగ వెతికేదాన్ని. ఇప్పుడు ఆ వెతుకులాటకి అంత టైం పెట్టడం లేదు. ఆదరణ సగం ఊరిని బట్టి ఉంటుంది. మిగతా సగం మనం అక్కడ ఎంతసేపు ఉన్నాం, ఒకే మనిషికి రెండోసారి కనబడ్డామా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మీరు వాళ్లకు ఒక కస్టమర్. రెండోసారి చూసినప్పుడు "నిన్న వచ్చారు కదా" అంటారు. ఆ రెండోసారి దాకా ఎలా చేరాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చిన్న ఊళ్లలో మనుషులు కొత్తవాళ్లతో ఎందుకు మాట్లాడతారు? అమెరికన్ సైకాలజిస్ట్ స్టాన్లీ మిల్‌గ్రామ్ 1970లో నగర జీవితం గురించి రాసిన వ్యాసంలో దీనికి ఒక కారణం చెప్పాడు. నగరంలో రోజూ ఎదురయ్యే ముఖాలు, చప్పుళ్లు, పనులు లెక్కకు మించి ఉంటాయి. అన్నిటికీ స్పందిస్తూ పోతే బుర్ర తట్టుకోలేదు కాబట్టి, కొత్తవాళ్లను పట్టించుకోకుండా సాగిపోవడం అలవాటైపోతుంది. అదే వ్యాసంలో ఒక ప్రయోగం కూడా ఉంది. కొందరు విద్యార్థులు ఇళ్ల తలుపులు తట్టి, దగ్గర్లో ఉన్న స్నేహితుడి అడ్రస్ పోయిందని, ఒక్కసారి ఫోన్ చేసుకుంటామని అడిగారు. నగరంలో కంటే చిన్న ఊళ్లలో చాలా ఎక్కువమంది లోపలికి రానిచ్చారు. అంటే నగరంలో మనుషులు చెడ్డవాళ్లని కాదు, వాళ్లకు తీరిక లేదు. చిన్న ఊళ్లో ఆ తీరిక ఉంది. దాన్ని అందుకోవాలంటే మీ దగ్గర కూడా కాస్త తీరిక ఉండాలి.

కెనడాలోని గ్యాండర్ కథ మీరు వినే ఉంటారు. 2001 సెప్టెంబర్ 11న అమెరికా గగనతలం మూసేసినప్పుడు, సుమారు పది వేల జనాభా ఉన్న ఆ ఊరి విమానాశ్రయంలో 38 ప్రయాణికుల విమానాలు దిగాయి. ఆరున్నర వేల మందికి పైగా ప్రయాణికులు. సమ్మెలో ఉన్న స్కూల్ బస్సు డ్రైవర్లు సమ్మె ఆపేసి వాళ్లను దించడానికి వచ్చారు. ఐస్ హాకీ ఆడే రింకునే ఆహారం నిల్వ చేసే ఫ్రిజ్‌గా వాడుకున్నారు. స్నానాలకు ఇళ్ల తలుపులు తెరిచారు. ఈ కథ చెప్పేవాళ్లు ఊరి మంచితనం గురించే చెబుతారు, అది నిజమే. నాకు మాత్రం ఇంకో సంగతి ముఖ్యంగా కనబడుతుంది. ఆ ప్రయాణికులు అక్కడ రోజుల తరబడి ఉండిపోయారు. గంటలో ఎగిరిపోయి ఉంటే వాళ్లకు గ్యాండర్ అంటే ఒక రన్‌వే మాత్రమే. దగ్గర్లోని లూయిస్‌పోర్ట్ అనే ఊళ్లో బస చేసిన ఒక విమానం ప్రయాణికులైతే ఆ ఊరి పిల్లల చదువు కోసం స్కాలర్‌షిప్ నిధి కూడా పెట్టారు.

ఊరిని ఎంచుకోవడం

మొదట సైజు చూడండి. నా అనుభవంలో మూడు వేల నుంచి ఇరవై వేల జనాభా ఉన్న ఊరు సరిగ్గా సరిపోతుంది. మరీ వందల్లో ఉంటే పడుకోవడానికి గది, తినడానికి చోటు దొరకడమే కష్టం, అక్కడివాళ్లకు మీరు భారం అవుతారు. యాభై వేలు దాటితే రెండో రోజు మిమ్మల్ని గుర్తుపట్టే అవకాశం తగ్గిపోతుంది.

ఏ ఊరో తోచకపోతే మొదలుపెట్టడానికి జాబితాలు ఉన్నాయి. 1999లో ఇటలీలో కొందరు మేయర్లు కలిసి 'చిట్టాస్లో' అనే ఉద్యమం మొదలుపెట్టారు. హడావుడి లేని జీవితాన్ని కాపాడుకునే ఊళ్ల కూటమి అది, గుర్తు నత్త. యాభై వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకే పూర్తి సభ్యత్వం ఇస్తారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఆ ఊళ్లు ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ కూడా 2021 నుంచి ఉత్తమ పర్యాటక గ్రామాలను ఎంపిక చేస్తోంది, అక్కడ పరిమితి పదిహేను వేలు. ఈ జాబితాలు చూడండి, కానీ అందులో ఉన్న ఊరికే వెళ్లాలని పట్టుబట్టకండి. జాబితాలో ఉన్న ఊరిని మ్యాప్‌లో పెట్టుకుని, దానికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో అలాంటిదే ఇంకో ఊరు ఉందేమో చూడండి. నేను వెళ్లి సంతోషంగా తిరిగొచ్చిన ఊళ్లలో ఎక్కువ ఇలా పక్క ఊళ్లే.

ఎందుకు ఇలా చెబుతున్నానంటే, బాగా పేరు పడిన చిన్న ఊరు ఒక్కోసారి అలిసిపోయి ఉంటుంది. ఆస్ట్రియాలో సరస్సు ఒడ్డున ఉన్న హాల్‌స్టాట్‌లో ఎనిమిది వందల మంది కూడా ఉండరు. రద్దీ రోజుల్లో పది వేల మంది దాకా వచ్చి చూసి పోతారు. ఆ ఊరి ఫోటో తీసుకునే చోట గోల భరించలేక 2023లో చెక్క కంచె కట్టారు, విమర్శలు వచ్చాక తీసేశారు. టూరిస్టు బస్సులు ముందే స్లాట్ తీసుకుని రావాలి. అక్కడివాళ్లు మీతో ముక్తసరిగా మాట్లాడితే తప్పు పట్టగలమా? ఒకరోజులో మీలాంటి వాళ్లు పది వేల మంది ఎదురైతే, మిల్‌గ్రామ్ చెప్పిన నగరం పరిస్థితే ఆ చిన్న ఊరికీ వచ్చినట్టు.

ఊరు తనకోసం తాను బతుకుతోందా, మీకోసం బతుకుతోందా అన్నది ఇంట్లో కూర్చునే కొంత తెలుసుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో ఊరి మధ్యకు జూమ్ చేయండి. స్కూలు, లైబ్రరీ, పోస్టాఫీసు, కటింగ్ షాపు, మెకానిక్ షెడ్డు, వారపు సంత జరిగే చోటు కనబడితే మంచిదే. గదులు, జ్ఞాపికల షాపులు, మళ్లీ గదులు మాత్రమే ఉంటే ఆలోచించండి. తర్వాత రివ్యూలు చదవండి, స్టార్లు చూడకండి. "వ్యూ అద్భుతం" అని రాసినవి వదిలేయండి. "దారి తప్పితే ఒకాయన బస్టాండు దాకా వచ్చి దిగబెట్టాడు" లాంటివి రెండు మూడు కనబడ్డాయంటే ఆ ఊరిని నోట్ చేసుకోండి.

పండుగలు, ఉత్సవాల తేదీలు కూడా చూసుకోండి. ఉత్సవానికి వెళ్తే సందడి ఉంటుంది, మాట్లాడే తీరిక ఉండదు. వేల్స్‌లో హే-ఆన్-వై అనే పుస్తకాల ఊరు ఉంది. అక్కడ పాత పుస్తకాల షాపు నడిపిన రిచర్డ్ బూత్ 1977 ఏప్రిల్ 1న ఊరిని స్వతంత్ర రాజ్యంగా, తనను రాజుగా ప్రకటించుకుని ఊరికి పేరు తెచ్చాడు. 1988 నుంచి ఏటా జరిగే సాహిత్య ఉత్సవానికి అక్కడికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఉత్సవం కావాలంటే అప్పుడే వెళ్లండి. షాపతనితో ఒక పుస్తకం గురించి పావుగంట మాట్లాడాలంటే మామూలు వారం చూసుకోండి. నేనైతే సంత జరిగే రోజుకు ముందు రోజు సాయంత్రం చేరతాను. సంత రోజు ఊరంతా బయట ఉంటుంది, మర్నాడు ఖాళీగా ఉంటుంది. రెండూ చూసినట్టు అవుతుంది.

బయల్దేరే ముందు

రెండు రాత్రులు. ఇంతకంటే ముఖ్యమైన సలహా నా దగ్గర లేదు. ఒక్క రాత్రి ఉంటే సాయంత్రం చేరి, పొద్దున్నే సర్దుకోవడంతోనే సరిపోతుంది. రెండు రాత్రులుంటే మధ్యలో ఒక పూర్తి రోజు మీ చేతిలో ఉంటుంది. వారం రోజుల ట్రిప్‌లో ఆరు ఊళ్లు పెట్టుకున్నారా? మూడు చేసుకోండి.

గదికి వీలైతే ఫోన్ చేసి మాట్లాడండి. యాప్‌లో బుక్ చేసినా సరే, ఒకసారి ఫోన్ చేసి ఫలానా టైంకి వస్తున్నామని చెప్పండి. చిన్న ఊళ్లో రిసెప్షన్‌లో రాత్రంతా మనిషి ఉండకపోవచ్చు. ఆ ఫోన్‌లోనే మూడు విషయాలు కనుక్కోండి: ఊరికి ఆఖరి బస్సో రైలో ఎన్నింటికి, రాత్రి ఎన్నింటి దాకా తినడానికి దొరుకుతుంది, వారంలో ఏ రోజు అన్నీ మూసి ఉంటాయి. ఈ మూడో ప్రశ్న చాలామంది అడగరు. జర్మనీలో ఆదివారం దాదాపు అన్ని షాపులూ చట్టం ప్రకారమే మూసి ఉంటాయి. ఇంకా చాలా చోట్ల మధ్యాహ్నం రెండు మూడు గంటలు ఊరు ఊరంతా తలుపులేసుకుంటుంది.

నేను ఇది నేర్చుకున్నది ఒక ఆదివారం. ఇంటర్నెట్‌లో చూసిన బస్సు టైంని నమ్మి బయల్దేరాను. ఆ టైం మిగతా రోజులకే, ఆదివారానికి కాదు. జంక్షన్‌లో నాలుగు గంటలు కూర్చుని, దొరికిన బండి ఎక్కి ఊరు చేరేసరికి చీకటి పడింది. గదికి తాళం. తినడానికి ఏమీ లేదు, ఫోన్‌లో చార్జింగ్ లేదు, బోలెడు టెన్షన్. ఎదురింటి ఆవిడ కిటికీలోంచి చూసి, తానే గది ఓనరుకి ఫోన్ చేసింది. ఆయన వచ్చేదాకా గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మంచి జరిగింది కదా అనిపించవచ్చు. కానీ వాళ్లిద్దరి ఆదివారం సాయంత్రాన్ని నా అజాగ్రత్తతో పాడు చేశానన్నది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఊరి మంచితనం మీద ఆధారపడి ప్లాన్ వేసుకోకూడదు.

మిగతావి మీకు తెలిసినవే. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. భాష రాని చోటైతే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఆ భాష కూడా ఆఫ్‌లైన్‌కి దింపుకోండి. చిన్న నోట్లు, చిల్లర ఉంచుకోండి, ఊళ్లో ఉన్న ఒక్క ఏటీఎం పనిచేయకపోవచ్చు. రోజూ వేసుకునే మందులు రెండు రోజులు ఎక్కువే పెట్టుకోండి.

అక్కడి భాషలో అయిదు మాటలు నేర్చుకోండి: నమస్కారం, దయచేసి, థాంక్స్, క్షమించండి, చాలా బాగుంది. ఉచ్చారణ తప్పినా ఫర్వాలేదు. నిజానికి తప్పితేనే మేలు, ఎవరో ఒకరు సరిచేస్తారు, మాట అక్కడే కలుస్తుంది.

చేరిన మొదటి గంట

వెలుగుండగానే చేరండి. బ్యాగు గదిలో పెట్టి, ముఖం కడుక్కుని, వెంటనే బయటికి వచ్చేయండి. ఫోన్ జేబులో పెట్టి మెయిన్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడవండి. ఇప్పుడే ఫోటోలు వద్దు, దేనిలోకీ దూరవద్దు. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు, ఏ షాపు దగ్గర నలుగురు నిలబడి మాట్లాడుకుంటున్నారు అని చూస్తూ వెళ్లండి.

ఎదురైన వాళ్లను ముందు మీరే పలకరించండి. చిన్న ఊళ్లో కొత్త మనిషిని అందరూ చూస్తారు. ఆ చూపులో చాలావరకు ఉండేది "ఎవరు వీళ్లు?" అన్న ప్రశ్న. మీరు తల ఊపి, నవ్వి, ఒక్క మాట పలికితే దానికి జవాబు ఇచ్చినట్టే. తల దించుకుని ఫోన్ చూసుకుంటూ పోతే ఆ ప్రశ్న అలాగే ఉండిపోతుంది, రేపు కూడా అలాగే చూస్తారు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక్క చోటు ఎంచుకోండి. కాఫీయో టీయో తాగే చోటు కావచ్చు, పళ్ల బండి కావచ్చు, పార్కులో బెంచీ కావచ్చు. ఉన్న రెండు రోజులూ మీరు మళ్లీ మళ్లీ వెళ్లేది అక్కడికే. ప్రతి పూటా కొత్త చోటు రుచి చూడాలన్న ఆశ అందరికీ ఉంటుంది. చిన్న ఊళ్లో మాత్రం దాన్ని వదిలేయండి. ఒకే చోటికి, వీలైతే ఒకే టైంకి వెళ్లండి.

మాట కలపడం

చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "ఇక్కడ చూడ్డానికి ఏమున్నాయి?" దీనికి వచ్చే జవాబు బోర్డు మీద రాసినట్టే ఉంటుంది: కోట, చెరువు, గుడో చర్చో. ఇంకొందరు "ఇక్కడేముందండీ చూడ్డానికి" అని మొహమాటపడతారు. రెండు జవాబులతోనూ మాట అక్కడే ఆగిపోతుంది.

చిన్న ప్రశ్న అడగండి. వాళ్లకు మాత్రమే తెలిసినది, చెప్పడానికి వాళ్లు ఆలోచించనక్కర్లేనిది. "సాయంత్రం పూట మీరు నడకకి ఏ వైపు వెళ్తారు?" "ఈ చెట్టు ఎప్పటిదండీ?" "ఈ వీధికి ఆ పేరెందుకు వచ్చింది?" "వానాకాలంలో ఈ వాగు ఎక్కడి దాకా వస్తుంది?" వాగు గురించి అడిగితే గోడ మీద పాత వరద గుర్తు చూపిస్తారు, ఆ ఏడు ఏం జరిగిందో చెబుతారు, ఇంకొకరిని పిలిచి "నువ్వు చెప్పు" అంటారు. మీరు విన్నారంటే చాలు, మిగతాది వాళ్లే నడిపిస్తారు.

ఇంకా తేలికైన దారి, పని మీద వెళ్లడం. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లకు కాకుండా ఊరివాళ్లకు పనికొచ్చే షాపుకి వెళ్లండి. ఒక కొండ కింది ఊళ్లో నా బ్యాగు పట్టీ తెగిపోయింది. బస్టాండు పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన ఒకాయన ఉంటే ఇచ్చాను. పాత కుట్టు దారాలన్నీ ఒక్కొక్కటిగా లాగి పారేసి, ఆరెతో బెజ్జాలు పెట్టి, మైనం ముద్దకి దారాన్ని రెండుసార్లు రాసి కుట్టడం మొదలుపెట్టాడు. ఒక్క మాట మాట్లాడలేదు. నేను చూస్తూ కూర్చున్నాను. కుట్టాక బ్యాగు పైకెత్తి, రెండు చేతులతో గట్టిగా లాగి చూసి, ఎందుకో నచ్చలేదు, ఇంకో వరస కుట్టాడు. డబ్బులిచ్చి వచ్చేశాను.

మర్నాడు పొద్దున అటుగా వెళ్తుంటే ఆయనే పిలిచాడు. "పట్టీ నిలిచిందా?"

నిలిచిందన్నాను. బ్యాగు ఇలా ఇమ్మని తీసుకుని, కుట్టు మీద బొటనవేలితో రాసి చూశాడు. అప్పుడు అడిగాడు ఎక్కడి నుంచి వచ్చానో. వెళ్లేలోపు కొండ వెనక వైపు నుంచి ఒక నడక దారి ఉందని, పొద్దున తొమ్మిది లోపు అయితే ఎండ తగలదని చెప్పాడు. దారి మొదట్లో ఉన్న ఇంటివాళ్లకు తన పేరు చెప్పి గేటు తీయించుకోమన్నాడు. ఆ దారి ఏ మ్యాప్‌లోనూ లేదు. మొదటి రోజు అదే మనిషి పక్కన అరగంట కూర్చున్నా ఈ సంగతి బయటికి రాలేదు, నేనూ అడగలేదు. మర్నాడు కనబడబట్టే వచ్చింది.

అందుకని పాడైన జిప్పు, పెరిగిన జుట్టు, పోస్ట్ చేయాల్సిన ఉత్తరం, ఇలాంటి పనులు ఉంటే చిన్న ఊరికి దాచుకోండి. లైబ్రరీలో గంట కూర్చుని అక్కడి పేపర్ తిరగేయండి. పిల్లలు ఆటాడుతుంటే గట్టు మీద కూర్చుని చూడండి.

కొత్తవాళ్లతో మాట్లాడటం మీకు కష్టమైతే సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఏర్పాట్లు ఉన్నాయి. 1992లో న్యూయార్క్‌లో మొదలైన 'గ్రీటర్' పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఊరివాళ్లే డబ్బు తీసుకోకుండా మిమ్మల్ని తమ ఊళ్లో నడిపిస్తూ తిప్పి చూపిస్తారు. మీరు వెళ్లే ప్రాంతంలో ఉందేమో వెతకండి. వారం రోజులు ఉండగలిగితే ఏదైనా పనిలో చేరేలా చూసుకోండి. స్కాట్లాండ్ జాతీయ పుస్తకాల ఊరిగా 1998లో ఎంపికైన విగ్‌టన్‌లో ఒక పుస్తకాల షాపు ఉంది. పైనున్న ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లు కింద షాపు నడపవచ్చు. పొద్దున షాపు తెరిచి కూర్చుంటే ఊరే మీ దగ్గరికి వస్తుంది.

మీ గురించి కూడా చెప్పండి. వాళ్ల విశేషాలన్నీ అడిగి, మీ సంగతి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తే, అది ఇంటర్వ్యూలా ఉంటుంది. మీ ఇంటి ఫోటో, ఇంట్లోవాళ్ల ఫోటో ఒకటి రెండు చేతిలో ఉంచుకోండి. భాష రాని చోట వాటికి మించిన దుబాసీ లేడు. ఒక్క జాగ్రత్త: వాళ్ల ఊరిని మీ ఊరితో పోల్చి "ఇక్కడ ఇంత ప్రశాంతంగా ఉంది, మీరు అదృష్టవంతులు" అనకండి. ఆ ప్రశాంతతలోనే వాళ్ల పిల్లలు పని దొరక్క ఊరు వదిలి వెళ్లి ఉండవచ్చు.

ఇంటికి పిలిస్తే

పిలుస్తారు, ఇది తరచుగా జరిగేదే. మొదటి పిలుపు మర్యాదకి అన్నదా, మనస్ఫూర్తిగా అన్నదా తెలియకపోతే, నవ్వుతూ "ఎందుకండీ మీకు శ్రమ" అనండి. మళ్లీ పిలిచి, టైం కూడా చెబితే అది నిజం పిలుపు. వెళ్లండి. పగటి పూట వెళ్లండి, గంట గంటన్నర ఉండండి, వాళ్లు ఉండమంటున్నప్పుడే లేవండి.

ఖాళీ చేతులతో వెళ్లకండి. ఖరీదైనది వద్దు, అది తిరిగి ఇవ్వాలన్న బరువు పెడుతుంది. అందరూ పంచుకునేది ఏదైనా ఆ ఊరి షాపులోనే కొనండి. డబ్బు మాత్రం చేతిలో పెట్టకండి. చెప్పులు ఎక్కడ విడవాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు తినడం మొదలుపెట్టాలి అన్నవి తెలియకపోతే ఇంటివాళ్లు చేసేది చూసి అదే చేయండి, లేదా నేరుగా అడగండి. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

ఒంటరిగా వెళ్తున్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎక్కడికి వెళ్తున్నారో గది ఓనరుకి చెప్పి వెళ్లండి. చిన్న ఊళ్లో ఇది రెండు రకాలుగా పనికొస్తుంది. ఒకటి, మీరెక్కడున్నారో ఒకరికి తెలుస్తుంది. రెండు, పిలిచినవాళ్లు ఎలాంటివాళ్లో ఓనరు ముఖం చూస్తే మీకు తెలుస్తుంది. "ఓ, వాళ్లింటికా!" అని సంతోషిస్తే సరే. మాట తప్పించి "ఎందుకు, ఇక్కడే ఉండండి" అంటే వెళ్లకండి. మనసుకి ఏదో తేడాగా అనిపించినా అంతే. మర్యాద కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు.

ఫోటోలు, ఖర్చు

మనుషుల ఫోటో అడిగే తీయాలి. పిల్లలదైతే పెద్దవాళ్లను అడగాలి. మొదటి రోజు తీయకపోతే ఇంకా మంచిది. రెండో రోజుకి మీరు తెలిసిన మనిషి, అప్పుడు వాళ్లే వచ్చి నిలబడతారు. ఇళ్ల కిటికీలు, ఆరేసిన బట్టలు, గుమ్మంలో కూర్చున్న ముసలివాళ్లు ఫోటోలో అందంగానే ఉంటారు. కానీ అది వాళ్ల ఇల్లు.

ఖర్చు ఊళ్లోనే పెట్టండి. నీళ్ల సీసా, బిస్కెట్ ప్యాకెట్ నగరంలోనే కొనుక్కుని మోసుకెళ్తే ఊరికి మీవల్ల మిగిలేది చెత్త ఒక్కటే. గది ఊరివాళ్లదే తీసుకోండి. బేరం ఆడే చోట ఆడండి, కానీ కొసరు కోసం గొడవ పెట్టుకోకండి. రేపు మళ్లీ అక్కడికే వెళ్లాలి కదా.

ఊరు ముక్తసరిగా ఉంటే

ఒక్కోసారి అన్నీ చేసినా ఎవరూ మాట్లాడరు. ఇలాంటప్పుడు ఊరికి చెడ్డపేరు పెట్టడానికి తొందరపడకండి. పొలాల్లో పని ముమ్మరంగా ఉన్న రోజులు కావచ్చు. సీజన్ ఇప్పుడే ముగిసి అందరూ అలిసి ఉండవచ్చు. ఊళ్లో ఎవరైనా పోయి ఉండవచ్చు. ఇంత పెద్ద దుఃఖం వచ్చినా బయటివాళ్లకు ఎవరూ చెప్పరు. గొంతు తగ్గించి, మీ మానాన మీరు నడవండి, చదువుకోండి, మీరు ఎంచుకున్న చోటికి రెండో రోజు కూడా వెళ్లండి. పొడిగా "నమస్కారం" అన్న మనిషి మర్నాడు కుర్చీ జరిపి చోటివ్వడం కూడా ఆదరణే.

రంగునో, మతాన్నో, వేషాన్నో చూసి అవమానించే చోట్లు కూడా ఉన్నాయి. అక్కడ ఓపిక పట్టాల్సిన బాధ్యత మీకు లేదు. రెండో రాత్రి డబ్బు పోయినా సరే, పక్క ఊరికి వెళ్లిపోండి.

బయల్దేరే రోజు

పొద్దున బస్సుకి గంట ముందే బ్యాగు సర్దేయండి. ఆ గంటలో, మీతో మాట్లాడిన వాళ్లందరి దగ్గరికీ వెళ్లి చెప్పి రండి. రోజూ కూర్చున్న చోట, పని చేసిపెట్టిన షాపులో, ఎదురింటి వాళ్లకు. వీళ్లు వెళ్తే వెళ్లారు, ఒక్క మాట చెప్పలేదు అన్న వెలితి చిన్న ఊళ్లో చాలాకాలం ఉంటుంది.

ఎవరికైనా ఫోటో పంపుతానని మాటిస్తే పంపాలి. పంపలేమనుకుంటే మాట ఇవ్వకండి. ఫోన్‌లో పంపడం సులువే, కానీ పెద్దవాళ్లకు ప్రింటు తీసి పోస్టులో పంపండి. అడ్రస్ వాళ్ల చేతే మీ నోట్‌బుక్‌లో రాయించుకోండి. స్పెల్లింగ్ తప్పులు ఉండవు, ఇంటి గుర్తులు కూడా వాళ్లే రాస్తారు. కింద తేదీ వేసి, ఏ ఫోటో ఎవరిదో మీరు రాసుకోండి, ఇంటికి చేరాక పేర్లు కలిసిపోతాయి. చేరిన వారం లోపే ప్రింటు తీయించండి. నెల దాటిందంటే ఇక పంపరు. చెప్పులు కుట్టే పెద్దాయనకి నేను రెండు కాపీలు పంపాను, ఒకటి ఆయనది, ఇంకోటి కొండ వెనక దారి మొదట్లో గేటు తీసిన ఇంటివాళ్లది. వాళ్ల అడ్రస్ నేను రాసుకోలేదు. ఆయనే తీసుకెళ్లి ఇచ్చాడట.